పదకొండు ఇళ్లు, ఒకే సముద్రం

లీమాలో నాకు స్పానిష్ నేర్పిన అమ్మాయికి అప్పుడు ఇరవై ఆరేళ్లు. మొదటి రోజు పాఠం పరిచయాలు. పేరు అడగడం, వయసు అడగడం అయ్యాక "దె దొందె ఎరెస్?" అనే వాక్యం వచ్చింది. మీది ఏ ఊరు అని అర్థం. నేను రెండుసార్లు వల్లె వేసి, అలవాటు కోసం ఆమెనే తిరిగి అడిగాను. ఆమె కాసేపు పుస్తకం వైపు చూసి, "సముద్రపు ఒడ్డు" అంది. ఏ ఊరి ఒడ్డు అన్నాను. "ఊళ్ల పేర్లు రాయడం మొదలుపెడితే ఈ పేజీ సరిపోదు" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖంలో నవ్వు లేదు.

మందులు ఎగుమతి చేసే ఒక హైదరాబాదు సంస్థ పని మీద నేను పెరూ రాజధానిలో పద్నాలుగు నెలలు ఉన్నాను. ఆ పద్నాలుగు నెలల్లో ఆ అమ్మాయి తన కథను కొంచెం కొంచెంగా చెప్పింది. పద్దెనిమిదేళ్లు నిండేసరికి ఆమె పదకొండు ఇళ్లు మారింది, ఆరు బడుల్లో చదివింది. పేరు రాయవద్దంది. మిగిలినదంతా మీ భాషలో రాసుకోండి అంది. అందుకే ఇది రాస్తున్నాను.

ఆ ప్రశ్న ఎంత ఇబ్బంది పెడుతుందో నాకు తెలుసు. మా నాన్నగారిది బదిలీల ఉద్యోగం. తుని, పార్వతీపురం, భీమవరం, కందుకూరు. ఎక్కడా మూడేళ్లు దాటలేదు. ఇంజనీరింగులో చేరేటప్పుడు నేను లోకల్ అని రుజువు చేయడానికి, చదివిన ప్రతి బడి నుంచీ స్టడీ సర్టిఫికెట్ తేవలసివచ్చింది. నాన్నగారు సంచి భుజాన వేసుకుని పాత ఊళ్లన్నీ బస్సుల్లో తిరిగారు. ఒక ప్రధానోపాధ్యాయుడు పాత రిజిస్టరు తీసి నా పేరు వెతుకుతూ, "ఇంతకీ మీ సొంత ఊరు ఏదండీ?" అని అడిగారట. ఇంటికి వచ్చి నాన్నగారు ఆ మాట అమ్మకు చెప్పి చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్నారు.

తరచూ ఇళ్లు మారిన పిల్లలు వేరు పట్టని మొక్కలని, దేన్నీ గట్టిగా పట్టుకోలేరని అనేవాళ్లు మన దగ్గర ఉన్నారు, పెరూలోనూ ఉన్నారు. నేను ఒప్పుకోను. ఆ పిల్లలకూ సొంత ఊరు ఉంటుంది. అయితే అది ఎవరి పేరునా పట్టా లేని చోట ఉంటుంది. మునిసిపల్ గ్రంథాలయం కావచ్చు, ఆటస్థలం కావచ్చు, సముద్రపు ఒడ్డు కావచ్చు. అద్దె ఇల్లు ఖాళీ చేస్తే ఆ ఇంటితో బంధం తెగిపోతుంది. అందరిదీ అయిన చోటు నుంచి మాత్రం ఎవరూ ఖాళీ చేయమనరు. కాబట్టి అలాంటి చోటికి గేటు పెట్టి, కాపలా పెట్టి, కొందరినే లోపలికి రానిస్తే, ఇల్లు మారుతూ పెరిగిన పిల్లలకు ఉన్న ఒక్క ఊరూ పోతుంది. నా వాదన ఇంతే. ఆమె జీవితం చెబితే అది నా మాటకన్నా బాగా అర్థమవుతుంది.

ఈ కథ ఆమె అమ్మమ్మతో మొదలవుతుంది. ఆవిడది అయకుచో ప్రాంతపు కొండ పల్లె. 1980లో మొదలై రెండు దశాబ్దాలు సాగిన హింసలో అన్నిటికన్నా ఎక్కువగా నలిగిపోయిన ప్రాంతం అది. ఒక వైపు సాయుధ తిరుగుబాటుదారులు, మరో వైపు సైన్యం, మధ్యలో రైతులు. 2003లో సత్యనిర్ధారణ కమిషన్ ఇచ్చిన నివేదిక ప్రకారం చనిపోయినవారూ ఆచూకీ లేకుండా పోయినవారూ కలిపి 69 వేలకు పైమాటే. బాధితుల్లో ప్రతి నలుగురిలో ముగ్గురు కెచువా మాట్లాడేవాళ్లు. అమ్మమ్మ 1984లో ముగ్గురు పిల్లలతో కొండ దిగి లీమా చేరింది. నగరానికి దక్షిణాన ఇసుక దిబ్బల మీద 1971లో పుట్టిన వియా ఎల్ సల్వదోర్ అనే బస్తీలో, నాలుగు రెల్లు చాపలు నిలబెట్టి ఇల్లు అనుకుంది. నీళ్లు ట్యాంకరులో వచ్చేవి. అప్పటిదాకా ఆవిడ సముద్రం చూడలేదు. ఒకరోజు నీళ్ల డబ్బా పట్టుకుని దిబ్బ ఎక్కితే అవతల అంతా నీళ్లే కనిపించాయి. ఆవిడ డబ్బా కింద పెట్టి "మామాకోచా" అని చేతులు జోడించిందట.

కెచువాలో మామా అంటే అమ్మ, కోచా అంటే పెద్ద నీటి మడుగు. ఇంకా సామ్రాజ్యపు కాలం నుంచీ సముద్రాన్ని తల్లిగా కొలిచే పేరు అది. ఈ మాట వినగానే మన మత్స్యకారులు సముద్రాన్ని గంగమ్మ తల్లీ అని పిలవడం గుర్తొచ్చి ఆమెకు చెప్పాను. ఆమె ఆ మాటను రెండు మూడుసార్లు పలికి చూసుకుని, "గంగమ్మ, మామాకోచా. ఇద్దరూ ఒకరే అయి ఉంటారు" అంది.

కెచువాలో ఇంకో మాట ఉంది, ల్యక్త. ఊరు అనీ, ఊరి జనం అనీ రెండర్థాలు. మన తెలుగులో "ఊరు ఊరంతా కదిలింది" అన్నప్పుడు ఊరు అంటే మనుషులే కదా, అలా. ల్యక్తమసి అంటే ఒకే ఊరివాడు. లీమాలో కొండల నుంచి దిగివచ్చినవాళ్లు ఊరి పేరున సంఘాలు పెట్టుకుని, ఊరి పండుగ నగరంలోనే చేసుకుంటారు. అమ్మమ్మకు అలాంటి సంఘం ఉంది. మనవరాలికి లేదు. బస్తీలో పుట్టి, ఊహ తెలిసీ తెలియని వయసులోనే అక్కడి నుంచి వెళ్లిపోయిన పిల్లకు ఏ ఊరి సంఘంలో చోటు ఉంటుంది?

వాళ్లు అన్ని ఊళ్లు తిరగడానికి కారణం ఒక చేప. మన చేతివేలంత ఉండే అంచోవెతా. పెరూ తీరం వెంబడి దక్షిణం నుంచి వచ్చే చల్లని ప్రవాహం అడుగున ఉన్న పోషకాలను పైకి తెస్తుంది. వాటితో నాచు, నాచుతో ఈ చేప లెక్కలేనంతగా పెరుగుతుంది. దాన్ని ఉడికించి, పిండి, ఎండబెట్టి చేసే పొడి చేపల చెరువులకు, కోళ్లకు, పందులకు మేతగా ప్రపంచమంతా వెళ్తుంది. ఆమె తండ్రి అలాంటి పొడి కర్మాగారాల్లో బాయిలరు దగ్గర పనిచేసేవాడు. ఈ వేటకు ప్రభుత్వం ఏడాదికి మామూలుగా రెండు విడతలు అనుమతి ఇస్తుంది. మిగతా నెలలు నిషేధం. సముద్రం వేడెక్కి చేపలు లోతుకో దక్షిణానికో పోతే విడత మొత్తం రద్దయిపోతుంది. 2014లో రెండో విడత, 2023లో మొదటి విడత అలాగే పోయాయి. బాయిలరు చల్లారితే జీతం ఉండదు. ఎక్కడ బాయిలరు వెలిగితే అక్కడికి సామాను కట్టుకోవాలి. నాన్నకు స్థిరత్వం లేదని బంధువులు అనేవారట. నన్నడిగితే, స్థిరత్వం లేనిది ఆ పనికే. ఒక ఊళ్లో బతుకు సాగనప్పుడు పిల్లల్ని తీసుకుని మరో ఊరికి వెళ్లిన మనిషిని అలా అనడం అన్యాయం.

అలా 2004లో చింబోతే వెళ్లారు. లీమాకు ఉత్తరంగా సుమారు 430 కిలోమీటర్లు. చేప పొడికి పేరు మోసిన రేవు. ఆమెకు అప్పటికి ఆరు దాటి ఏడు నడుస్తోంది. కొత్త ఊరికి వెళ్లగానే ఆమె చేసే మొదటి పని ముయ్‌ముయ్ కోసం వెతకడం. ఇది మన బొటనవేలి చివరంత ఉండే బూడిద రంగు పీత జాతి జీవి. అల వెనక్కి పోతున్నప్పుడు తడి ఇసుకలోకి వెనక నుంచి దిగిపోతుంది. మీసాలు మాత్రమే పైన ఉంటాయి. పల్చగా జారిపోయే నీళ్లను ఆ మీసాలు చీల్చడంతో ఇసుక మీద చిన్న చిన్న బాణం గుర్తులు కనిపిస్తాయి. గుర్తు కనిపించిన చోట రెండు చేతులూ దించి ఇసుక ఎత్తితే, అరచేతిలో అది గిరగిరా తిరుగుతూ మళ్లీ కిందికి తవ్వుకోవాలని చూస్తుంది. చక్కిలిగింత పెడుతుంది. పెరూ పిల్లలకు ఇది తొలి బొమ్మ, జాలర్లకు గాలానికి ఎర. ఒక ఆదివారం ఆమె నాకు పట్టి చూపించింది. నా చేతిలో పెట్టి వేళ్లు మూయమంది. అంత చిన్న ప్రాణికి ఎంత బలమో.

చింబోతేలో ఆమెకు ముయ్‌ముయ్ దొరకలేదు. అక్కడి ఫెర్రోల్ అఖాతం దశాబ్దాల తరబడి కర్మాగారాల నుంచి వచ్చిన రక్తపు నీళ్లతో, నూనెతో, ఊరి మురుగుతో నిండి ఉంది. కాలు పెడితే నల్లటి బురద. బడికి వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ ఆ వాసనే. నాన్న చొక్కాకూ అదే వాసన. "ఆ వాసన లేని రోజు మా ఇంట్లో అన్నం ఉండదు. అందుకని నేను ముక్కు మూసుకోకూడదని అమ్మ చెప్పింది" అంది. ఈ మాట దగ్గర మా ఆనాటి పాఠం ఆగిపోయింది.

తర్వాత పిస్కో. 2007 ఆగస్టు 15 సాయంత్రం ఏడు గంటలు కావస్తుండగా భూమి కదిలింది. తీవ్రత 8. ఊరి మధ్యలోని సాన్ క్లెమెంతే చర్చిలో ప్రార్థన జరుగుతుండగా పైకప్పు కూలింది. మట్టి ఇటుకల ఇళ్లు పేకమేడల్లా పోయాయి. ఆ ప్రాంతంలో మృతులు 500కు పైనే. వాళ్ల అద్దె ఇల్లు ఒక గోడ మిగిల్చి పడిపోయింది. ఇంట్లో ఎవరికీ ప్రాణాపాయం కలగలేదు. సముద్రం పైకి వస్తుందని ఎవరో అరిస్తే, చీకట్లో అందరూ ఊరి నుంచి ఎగువకు పరుగెత్తారు. కొన్ని వారాలు గుడారంలో ఉన్నారు. సముద్రం మీద కోపం రాలేదా అని అడిగాను. "కోపం ఇటుకల మీద వచ్చింది" అంది. పదేళ్లు కూడా నిండని పిల్ల గుడారంలో పడుకుని, తన ఇల్లు ఎందుకు పడిందో ఆలోచించింది. మట్టి ఇటుకలో ఇనుము లేదు, ఇనుముకు డబ్బు లేదు. అలలు మర్నాడు మామూలుగానే వచ్చాయి. ఆమె ఒడ్డుకు వెళ్లి ఇసుక తవ్వింది. ముయ్‌ముయ్‌లు ఉన్నాయి.

ఆ మరుసటి ఏడాది మేనమామ దగ్గరికి, త్రుహీయో పక్కన ఉన్న వాంచాకోకు వెళ్లారు. ఆ మూడేళ్ల గురించి మాట్లాడేటప్పుడు ఆమె స్పానిష్ వేగం పెరిగిపోయేది, నేను అందుకోలేకపోయేవాణ్ణి. వాంచాకో ఒడ్డున రెల్లు పడవలు నిలువుగా ఆనించి ఆరబెట్టి ఉంటాయి. దూరం నుంచి చూస్తే మొనలు పైకి తిరిగిన పెద్ద పెద్ద ఏనుగు దంతాల్లా ఉంటాయి. వాటిని రెల్లు గుర్రాలు అంటారు. మోచే నాగరికత కాలపు మట్టి పాత్రల మీద కూడా ఇలాంటి పడవలెక్కిన మనుషుల బొమ్మలు ఉన్నాయి. అంటే వెయ్యేళ్లకు చాలా ముందు నుంచీ ఉన్న పడవ. ఒడ్డుకు దగ్గరలో గుంటలు తవ్వి రెల్లు పెంచుతారు. కోసి, ఆరబెట్టి, పెద్ద కట్టలుగా బిగించి కడితే పడవ. జాలరి దాని మీద మోకాళ్లపై కూర్చుని, చీల్చిన వెదురు బద్దను తెడ్డుగా వాడుతూ అలలు దాటి వెళ్తాడు. తిరిగి వచ్చేటప్పుడు తెడ్డు పని ఉండదు. అల వీపు మీద కూర్చుని ఒడ్డుకు జారుకుంటూ వస్తాడు. కొన్ని వారాల వాడకంలో రెల్లు నీళ్లు పీల్చి బరువెక్కిపోతుంది. అప్పుడు మరో పడవ కట్టుకోవాలి.

మేనమామ పొరుగున ఉన్న ఒక ముసలి జాలరి ఆ పడవ మీద ఆమెను కూర్చోబెట్టి అల ఎక్కడం నేర్పాడు. ఆయన తన జీవితంలో కొన్ని వందల పడవలు కట్టి ఉంటాడు. "ఏ పడవా ఆయనకు ఏడాది నిలవలేదు. అయినా వాంచాకోలో ఆయనకన్నా స్థిరమైన మనిషి లేడు" అంది ఆమె. తరచూ ఇల్లు మారడాన్ని ఒక లోపంగా చూడడం ఆమె మానేసింది అక్కడే అనుకుంటాను. వాంచాకో అలలకు 2013లో ప్రపంచ సర్ఫింగ్ సంరక్షిత ప్రాంతం అనే గుర్తింపు వచ్చింది. గుర్తింపు రావడం సంతోషమే. కానీ దక్షిణాన సలవెర్రి రేవులో కట్టిన అడ్డుగోడ ఇసుకను ఆపేయడంతో ఇటు వైపు ఒడ్డు కోసుకుపోతోంది. రెల్లు గుంటలను సముద్రం తింటోంది. పడవ పోతే ఫొటోలకు అలలు మిగులుతాయి, జాలరి మిగలడు.

పద్నాలుగో ఏట ఈలో అనే ఊరికి చేరారు. లీమాకు దక్షిణంగా సుమారు 1,250 కిలోమీటర్లు, దాదాపు చిలీ సరిహద్దు. ఈ ఊరి గురించి ఒక్క సంగతే చెబుతాను, ఎందుకంటే అది నన్ను చాలా రోజులు వదల్లేదు. 1879లో మొదలైన యుద్ధంలో బొలీవియా తన సముద్రతీరం మొత్తాన్ని చిలీకి పోగొట్టుకుంది. ఈనాటికీ ఏటా మార్చి 23న అక్కడ సముద్ర దినం జరుపుకుంటారు. 1992లో పెరూ ఈలోకు దక్షిణాన 5 కిలోమీటర్ల ఒడ్డును 99 ఏళ్ల పాటు వాడుకోవడానికి బొలీవియాకు ఇచ్చింది. దాని పేరు బొలీవియామార్. ఆమె బడి స్నేహితులతో సైకిళ్ల మీద వెళ్లి చూసింది. ఇసుక, గాలి, అలలు, అంతే. పెద్దగా కట్టింది ఏమీ లేదు. కానీ ఒక దేశానికి దేశమే ఒడ్డు లేకపోవడాన్ని దుఃఖంగా గుండెలో పెట్టుకుందంటే, ఒక చిన్నపిల్లకు ఒడ్డు కాళ్ల ముందే ఉండి కూడా కాలు పెట్టనివ్వకపోతే ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఆ అనుభవం ఆమెకు ఉంది. ఇన్ని ఊళ్ల కథ చెప్పాక, చివర్లో, చాలా ఆలస్యంగా చెప్పింది.

చింబోతే వెళ్లడానికి ముందు 2004 జనవరి నుంచి మార్చి దాకా, అంటే అక్కడి ఎండాకాలం, ఆమె తల్లి ఒక సంపన్న కుటుంబానికి వంటమనిషిగా, ఆయాగా పనిచేసింది. ఆ కుటుంబానికి లీమాకు దక్షిణంగా, పాన్ అమెరికన్ రహదారి పక్కన ఉన్న ఒక సముద్రతీర కాలనీలో వేసవి ఇల్లు ఉంది. అమ్మమ్మకు జబ్బు చేయడంతో పాపను కూడా తీసుకెళ్లక తప్పలేదు. ఇంటివాళ్లు మంచివాళ్లేనట. కానీ కాలనీకి నియమాలు ఉన్నాయి. పనివాళ్లు యూనిఫాం వేసుకునే తిరగాలి. యజమాని పిల్లలను ఇసుకలో ఆడించవచ్చు, గొడుగు కింద నిలబడవచ్చు. నీళ్లలోకి మాత్రం చీకటి పడ్డాకే దిగాలి.

ఆరేళ్ల పిల్లకు ఆ నియమం ఎలా చెబుతారు? వంటింటి వెనక బట్టలు ఆరేసే పెరడు ఉండేది. గోడకు అవతల సముద్రం. అల విరిగిన చప్పుడు, పిల్లల కేకలు, ఐసు అమ్మేవాడి ఈల, అన్నీ వినిపించేవి. ఆమె ఒక ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లు పోసుకుని, అందులో పాదాలు పెట్టుకుని గోడ వైపు తిరిగి కూర్చునేది. చప్పుడు విని అలలు లెక్కపెట్టేది. ఏడో ఎనిమిదో చిన్నవి, తర్వాత వరసగా పెద్దవి. అల స్వభావం తనకు చూడకుండానే తెలిసింది ఆ మూడు నెలల్లోనే అని చెప్పింది. రాత్రి పనులయ్యాక తల్లి ఆమె చెయ్యి పట్టుకుని ఒడ్డుకు తీసుకెళ్లేది. నీళ్లు చల్లగా, నల్లగా ఉండేవి. తల్లి యూనిఫాం గౌను మోకాళ్ల దాకా పైకి పట్టుకుని నిలబడేది. చీకట్లో ముయ్‌ముయ్ గుర్తులు కనబడవు కాబట్టి పాప కాలితో తడిమి వెతికేది.

ఇప్పుడు చట్టం సంగతి చూద్దాం. పెరూ చట్టం 26856. వచ్చింది 1997 సెప్టెంబరులో. ఆమె పుట్టింది కూడా ఆ ఏడాదే. ఆ చట్టం ప్రకారం సముద్రపు ఒడ్డు ప్రజలందరి వాడకానికి చెందింది. పోటు గరిష్ఠంగా వచ్చే గీత నుంచి 50 మీటర్ల వెడల్పు దాకా నేలను అన్యాక్రాంతం చేయడానికి వీల్లేదు, ఎన్నేళ్లు అనుభవించినా ఎవరికీ హక్కు రాదు. దాని వెనక మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. ఒడ్డుకు దారి ఉండాలి, అది అందరికీ తెరిచి ఉండాలి. అంటే ఆ పాప గోడ వెనక తొట్టిలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న రోజుకు, గోడకు అవతల ఉన్న ఇసుక చట్టప్రకారం ఆమెదే. ఆరేళ్లుగా ఆమెదే.

ఇది ఆమె ఒక్కతి కథ కాదని లీమాలో అందరికీ తెలుసు. లీమా నుంచి దక్షిణానికి వెళ్లే అదే పాన్ అమెరికన్ రహదారిలో 97వ కిలోమీటరు దగ్గర ఉన్న ఆసియా అనే తీరప్రాంతంలో ఇలాంటి నియమాలకు వ్యతిరేకంగా 2007 జనవరిలో పెద్ద నిరసన జరిగింది. కొన్ని వందలమంది, ఇంటిపనివాళ్ల యూనిఫాం వేసుకుని, చేతులు పట్టుకుని ఒడ్డు వెంట వరుసగా నిలబడి, పట్టపగలు అందరూ చూస్తుండగా అదే దుస్తులతో నీళ్లలోకి దిగారు. ఆమె తల్లి ఆ సంగతి పిస్కోలో టీవీలో చూసింది. చూసి ఏమీ అనలేదట. టీవీ కట్టేసి బయటికి వెళ్లి కూర్చుందట.

కాలనీలవైపు వాదించేవాళ్లతో లీమాలో నేను మాట్లాడాను. వాళ్లందరూ చెడ్డవాళ్లని నేను అనను. వాళ్లు చెప్పే మాటలు రెండు. మొదటిది, డబ్బు పెట్టి ఇల్లు కొనుక్కున్నాం, ప్రశాంతత కావాలి. కావాలి, సరే. ఇంటి గోడల లోపల ఎంత ప్రశాంతతైనా ఉంచుకోండి. కానీ మీరు కొన్న దస్తావేజులో సముద్రం లేదు, ఇసుక లేదు. అమ్మినవాడికి లేని హక్కు కొన్నవాడికి ఎలా వస్తుంది?

రెండోది శుభ్రత. చొర్రీయోస్‌లోని అగువా దుల్సే బీచ్‌ను చూపిస్తారు. ఎండాకాలపు ఆదివారాల్లో అక్కడికి వేల మీద వేలమంది వస్తారు. నగరం నలుమూలల ఉన్న బస్తీల నుంచి, రెండు మూడు బస్సులు మారి, కుటుంబాలు కుటుంబాలుగా. తువ్వాలులో చుట్టిన పెద్ద గిన్నెలో కోడిమాంసం కలిపిన అన్నం, సీసాల్లో ఊదారంగు మొక్కజొన్నతో చేసిన చీచా పానీయం. బీచ్‌కు గిన్నెలు మోసుకొచ్చే జనం అని వాళ్లను వెక్కిరించే మాటలు నేను చెవులారా విన్నాను. నిజమే, సాయంత్రానికి చెత్త మిగులుతుంది. చెత్తబుట్టలు పెట్టాలి, ఊడ్చేవాళ్లను పెంచాలి, వచ్చినవాళ్లు కూడా తమ చెత్త తామే తీసుకెళ్లాలి. ఇవన్నీ అడగవలసిన మాటలే. గేటుతో వీటికి సంబంధం లేదు.

పైగా ఆ సముద్రాన్ని నిజంగా పాడుచేసింది ఎవరు? 2022 జనవరి 15న, టోంగాలో అగ్నిపర్వతం పేలిన రోజున, లీమాకు ఉత్తరాన వెంతనీయా తీరంలో ఓడ నుంచి శుద్ధి కర్మాగారానికి ముడిచమురు దించుతుండగా సముద్రంలోకి కారిపోయింది. మొదట చెప్పిన లెక్క ఒక పీపాలో ఆరో వంతు. చివరికి తేలింది దాదాపు 12 వేల పీపాలు. ఆమె కుటుంబం అప్పుడు వెంతనీయాలోనే అద్దెకు ఉంది. ఆమె రబ్బరు చేతితొడుగులు వేసుకుని, ఊరివాళ్లతో కలిసి ఒడ్డు శుభ్రం చేయడానికి వెళ్లింది. నల్లగా తడిసిన పక్షులను అందరూ ఫొటోలు తీశారు. ఆమె అలవాటుగా ఇసుకలో చెయ్యి పెట్టింది. వచ్చిన గుప్పెడులో ముయ్‌ముయ్‌లు ఉన్నాయి, నూనె పూసినట్టు మెరుస్తూ. ఒక్కటీ కదల్లేదు. గిన్నెలో అన్నం తెచ్చుకున్నవాళ్లు వందేళ్లు వచ్చినా ఒడ్డుకు అంత చేటు చేయలేరు. ఆ తీరం జాలర్లకు పనిలేకుండా పోయింది. వాళ్లలో కొందరు సామాను కట్టుకుని వేరే రేవులకు వెళ్లిపోయారు. వాళ్ల పిల్లలు ఇప్పుడు కొత్త బడుల్లో, "మీది ఏ ఊరు?" అన్న ప్రశ్నకు సమాధానం వెతుక్కుంటూ ఉంటారు.

మంచి పని కూడా ఆ దేశంలోనే జరిగింది. అలలు విరిగే చోట్లను కాపాడడానికి 2000లో 27280 నంబరు చట్టం తెచ్చారు. రేవు కట్టాలన్నా, అడ్డుగోడ కట్టాలన్నా నమోదైన అలను పాడుచేయకూడదు. 2016లో మొట్టమొదట చికామా అలకు ఆ రక్షణ దక్కింది. సర్ఫింగ్ చేసేవాళ్లకు ఎడమ పక్కకు విరుగుతూ సాగే అలల్లో ప్రపంచంలోనే అతి పొడవైనవాటిలో అది ఒకటి. ఒక అలకు ప్రభుత్వ రిజిస్టరులో పేరు రాసిన దేశం, ఒడ్డుకు వచ్చే పనిమనిషి కూతురికి దారి ఇప్పించలేదా? చట్టం లేక కాదు, అమలు చేయించే పట్టుదల లేక. ఆ మాట నేను అక్కడి మిత్రులతో కూడా ఇలాగే అన్నాను.

నేను తిరిగి వచ్చేయడానికి పది రోజుల ముందు, ఫిబ్రవరిలో ఒక ఆదివారం, ఆమె నన్ను అగువా దుల్సేకు తీసుకెళ్లింది. తల్లి కూడా వచ్చింది. ఆవిడకు యాభై దాటాయి, మోకాలి నొప్పి ఉంది, మాట తక్కువ. దించుకున్న సామాను మధ్య తువ్వాలు చుట్టిన గిన్నె ఉంది. చెలికాడి ఇంటికి వచ్చినట్టు మా చుట్టూ నలుగురు పలకరించారు. పక్క గొడుగువాళ్లు ఉల్లిపాయా నిమ్మరసమూ అడిగి తీసుకున్నారు. నేను ఇండియా నుంచి వచ్చానని తెలిసి ఒక పెద్దాయన మీ దేశంలో సముద్రం ఉందా అని అడిగాడు. ఉంది, తూర్పు వైపు, మాకు సూర్యుడు నీళ్లలోంచి పైకి వస్తాడు అన్నాను. ఆయనకు అది వింతగా తోచింది. వాళ్లకు సూర్యుడు నీళ్లలోకి దిగిపోతాడు.

ఎండ చురుక్కుమంటోంది. తల్లి చెప్పులు విడిచి ఒకదాని మీద ఒకటి పెట్టి, వాటిని గిన్నె పక్కన సర్దింది. గిన్నె చూస్తూ ఉండండి అని నాతో చెప్పింది. కూతురు చెయ్యి పట్టుకుని నెమ్మదిగా ఇసుక దిగి నీళ్లలోకి వెళ్లింది. మొదట మడమల దాకా, తర్వాత నడుము దాకా. ఒక పెద్ద అల వచ్చినప్పుడు ఇద్దరూ ఒకేసారి వీపు తిప్పారు. నేను ఫోను తీసి సమయం చూశాను. మధ్యాహ్నం పన్నెండున్నర.